పసుపు మట్టి నూనెలో ఎంతవరకు విడిపోతుంది: కర్నూలు షెడ్డులో ప్రాజెక్టు డైరీ

ఫిబ్రవరి నెలాఖరు

కల్లూరు ఎస్టేటులో అద్దెకు తీసుకున్న షెడ్డులో ఒక మూల ఖాళీ చేసి, గోడ వెంబడి బేతంచెర్ల బండలతో బల్ల కట్టించాం. మట్టం సరిచూశాక దాని మీద మందపాటి గాజు పలక పరిచాం. రంగుల పరీక్షల్లో సగం పని ఈ పలక మీదే జరుగుతుంది. బండ సున్నపురాయి కనుక ఆమ్లం చుక్క పడితే పొంగుతుంది. అందుకే ఆమ్లం సీసాలను ప్లాస్టిక్ ట్రేలో విడిగా పెట్టాం.

బేతంచెర్ల, డోన్ చుట్టుపక్కల తవ్వే పసుపు మట్టిని, ఎర్ర మట్టిని నూనె రంగుల్లో వాడితే అవి ఎంత బాగా విడిపోయి కలుస్తాయో కొలవాలన్నది మా ప్రయత్నం. నేను చూసిన మిల్లుల్లో ఈ పొడికి మెష్ నంబరు (జల్లెడ ఎంత సన్నమో చెప్పే అంకె), బస్తా ధర తప్ప మరో లెక్క లేదు. గడపలకూ గోడలకూ తరాలుగా జాజు పూసిన ప్రాంతం మనది. ఇంత మంచి రంగు నేల మన కాళ్ల కింద ఉండగా, దాని గుణం అంకెల్లో రాసిపెట్టకపోవడం నాకు బాధగా ఉండేది. డిగ్రీలో కెమిస్ట్రీ చదువుతున్న మా మేనకోడలు సెలవుల్లో సాయానికి వస్తానంది. ఆ ధైర్యంతోనే మొదలుపెట్టాం.

ఈ విషయం కొత్తవాళ్ల కోసం కొంచెం. రంగు పొడిని నూనెలో వేసి కలిపితే రంగు తయారైపోదు. పొడి రేణువులు ఒకదానికొకటి అంటుకుని ఉండలుగా ఉంటాయి, వాటి మధ్య గాలి ఉంటుంది. ముందు నూనె ఆ గాలిని తోసి ప్రతి రేణువునూ తడపాలి. తర్వాత బలంతో ఉండలు విడిపోవాలి. విడిపోయినవి మళ్లీ గుంపు కట్టకుండా నిలవాలి. ఈ మూడూ కుదిరితేనే డిస్పర్షన్ కుదిరినట్టు. మూడో దశను చాలామంది పట్టించుకోరు. డబ్బాలో రంగు చెడేది ఎక్కువగా అక్కడే.

మార్చి

డిస్పర్సర్ తయారీ. పొడి ఉండలను విడగొట్టి నూనెలో కలిపే మిషను ఇది. చేతి డ్రిల్లు మిషనుకు పళ్ల చక్రం బిగించి కలపడం చాలా చోట్ల చూశాను. ఆ పద్ధతి మాకు వద్దనుకున్నాం. డ్రిల్లు మోటారులో కార్బన్ బ్రష్‌లు ఉంటాయి, అవి నిప్పురవ్వలు రాలుస్తాయి. మేము పలుచన చేయడానికి వాడేది మినరల్ టర్పెంటైన్. అది సుమారు 40 డిగ్రీల వేడికే మంట అందుకునే ఆవిరి వదులుతుంది. ఏప్రిల్, మే నెలల్లో కర్నూలు షెడ్డులో గాలి వేడే 40 దాటుతుంది. కాబట్టి బ్రష్‌లు లేని ఇండక్షన్ మోటారు తప్ప మరో ఆలోచన పెట్టుకోలేదు. 1 హార్స్‌పవర్ త్రీఫేజ్ మోటారు, వేగం మార్చడానికి ఒక వీఎఫ్‌డీ తెచ్చాం. పాత్రకూ మోటారు చట్రానికీ ఎర్త్ తీగ కలిపాం. బెల్టు రాపిడికి పుట్టే స్టాటిక్ విద్యుత్తు కూడా ప్రమాదమే.

డిస్పర్సర్‌లో అసలు లెక్క చక్రం అంచు వేగం. ఎన్ని చుట్లు తిరిగిందన్నది రెండో మాట. ఉండలను విడగొట్టాలంటే పళ్ల చక్రం అంచు సెకనుకు 18 నుంచి 25 మీటర్ల వేగంతో కదలాలి. మా చక్రం వ్యాసం 60 మిల్లీమీటర్లు, అంటే ఒక చుట్టుకు అంచు సుమారు 188 మిల్లీమీటర్లు ప్రయాణిస్తుంది. 20 మీటర్ల వేగం కావాలంటే నిమిషానికి దాదాపు 6,370 చుట్లు తిరగాలి. మోటారు తిరిగేది 2,880. మోటారు వైపు 110 మిల్లీమీటర్ల పుల్లీ, షాఫ్టు వైపు 50 మిల్లీమీటర్ల పుల్లీ వేస్తే 6,300 పైచిలుకు వస్తుంది. పాత్ర వ్యాసం చక్రానికి రెండున్నర రెట్లకు పైగా, 160 మిల్లీమీటర్లు. లీటరున్నర రంగు పోస్తే ఏడున్నర సెంటీమీటర్ల లోతు.

షాఫ్టు, బేరింగు హౌసింగు లేత్ షాపులో చేయించాం. అక్కడి పెద్దాయన నా డ్రాయింగు చూసి, "సార్, ఇంత వేగానికి ఇంత పొడుగు షాఫ్టు కింద ఆధారం లేకుండా వేలాడితే ఊగుతుంది. పైన రెండు బేరింగులూ దూరంగా పెడదాం, కింద వేలాడే భాగం తగ్గిద్దాం" అన్నాడు. ఆ మాట ప్రకారమే చేశాం. బేరింగులు 6203 నంబరువి, షాఫ్టు 17 మిల్లీమీటర్లది. చక్రాన్ని 2 మిల్లీమీటర్ల స్టెయిన్‌లెస్ స్టీలు రేకులో కోసి, పళ్లను ఒకటి పైకీ ఒకటి కిందికీ వంచాడు. బిగించాక షాఫ్టును రెండు పదునైన అంచుల మీద అడ్డంగా ఆనించి వదిలాడు. ఏ వైపు బరువుంటే ఆ వైపు నెమ్మదిగా కిందికి దొర్లుతుంది. అక్కడ కాస్త రుద్ది మళ్లీ వదిలాడు. ఎక్కడ ఆపితే అక్కడ నిలిచే వరకు ఓపికగా సాగిందా పని. పూర్తి వేగంలో చట్రం మీద చెయ్యి పెడితే సన్నని గుర్రు తప్ప అదురు లేదు. నాకు అంత సంతోషం కలిగిన రోజు ఈ ప్రాజెక్టులో మరొకటి లేదు.

ఏప్రిల్ మొదటి వారం

హెగ్మన్ గేజి వచ్చింది. రంగులో మిగిలిన పెద్ద రేణువుల సైజు ఎంతో చూపే సాధనం ఇది. దీన్ని మాత్రం కొనాల్సిందే. అరచేతిలో పట్టే స్టీలు దిమ్మె మీద 100 మైక్రాన్ల (మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) లోతు నుంచి సున్నాకు వాలుగా తగ్గే గాడి అది. మైక్రాన్ల లెక్కలో అంత సాఫీగా చెక్కడం మామూలు లేత్ షాపుల్లో కుదరదు. గాడి పక్కన రెండు కొలతలుంటాయి. మైక్రాన్ల అంకె 100 నుంచి సున్నాకు తగ్గుతుంది, హెగ్మన్ అంకె సున్నా నుంచి 8కి పెరుగుతుంది. ఒక్కో హెగ్మన్ అంకెకు 12.5 మైక్రాన్లు. అంటే 4 దగ్గర 50 మైక్రాన్లు, 6 దగ్గర 25.

చదివే తీరు చెబుతాను, ఎందుకంటే ఇందులోనే చాలామందికి అంకెలు తేడా వస్తాయి. లోతైన కొసలో గాడి పొంగేలా రంగు పోయాలి. స్క్రేపర్‌ను రెండు చేతుల వేళ్లతో నిటారుగా పట్టుకుని, ఒకటి రెండు సెకన్లలో ఒకే ఒత్తిడితో లోతు తక్కువ ఉన్న కొసదాకా లాగాలి. వెంటనే వెలుతురు పక్కగా పడేలా, 20 నుంచి 30 డిగ్రీల వాలులో చూడాలి. ఒకచోట నునుపైన పొర మీద చుక్కలు, గీతలు పొడుచుకు రావడం మొదలవుతుంది. అక్కడా ఇక్కడా విడిగా కనిపించే చుక్కలను లెక్కలోకి తీసుకోకూడదు. గాడికి అడ్డంగా 3 మిల్లీమీటర్ల పట్టీలో 5 నుంచి 10 చుక్కలు కనిపించే చోటే రీడింగు. ఇదంతా పది సెకన్ల లోపు జరగాలి. ఆలస్యమైతే టర్పెంటైన్ ఆరిపోయి, లోపల ఉన్న సన్న రేణువులు కూడా తలెత్తి అంకెను పాడుచేస్తాయి. మన ఎండల్లో ఇది మరీ త్వరగా జరుగుతుంది. గేజి చదివేటప్పుడు ఫ్యాను ఆపడం మా షెడ్డులో నియమం.

గేజిని కత్తితో గీకి శుభ్రం చేయకూడదు. మెత్తని గుడ్డ, టర్పెంటైన్, ఆపైన పలుచగా నూనె చాలు. స్క్రేపర్ అంచును వారానికోసారి గాజు పలక మీద నిలబెట్టి వెనక టార్చి వేసి చూస్తాం. కింద వెలుతురు గీత కనిపిస్తే అంచు అరిగినట్టు.

ఏప్రిల్ మూడో వారం

మిల్లు నుంచి 325 మెష్ పసుపు మట్టి తెచ్చి మొదటి బ్యాచి తిప్పాం. ఆల్కిడ్ రెజిన్ (నూనెతో చేసిన, రంగును పట్టి ఉంచే జిగురు), టర్పెంటైన్, పొడి. చిక్కదనం సరిగ్గా ఉన్నప్పుడు చక్రం చుట్టూ రంగు వలయంలా దొర్లుతుంది, మధ్యలో చక్రం అంచు కొద్దిగా కనిపిస్తుంది. పలుచనైతే చిమ్ముతుంది, మరీ చిక్కనైతే పాత్ర అంచున కదలక నిలిచిపోతుంది. ఆ దొర్లుడు కుదిరిన చిక్కదనం దగ్గర రెజిన్, పొడి తూకాలు నోటుపుస్తకంలో రాసుకున్నాం.

గేజి రీడింగు నాలుగున్నర దగ్గర ఆగింది. ఇంకా తిప్పినా, వేగం పెంచినా కదల్లేదు. మిల్లు నడిపే అన్నకు ఫోన్ చేస్తే, "మా జల్లెడ 325 సార్, అందులో అనుమానం లేదు. మీ మిషను చాలడం లేదేమో చూడండి" అన్నాడు. ఆయన మొదటి మాట నిజమే. కారణం ఆ మాటలోనే ఉంది. 325 మెష్ జల్లెడ కన్ను 45 మైక్రాన్లు. హెగ్మన్ నాలుగున్నర అంటే దాదాపు 44 మైక్రాన్లు. జల్లెడను దాటి వచ్చిన అతి పెద్ద రేణువే గేజిలో కనిపిస్తోంది. అది ఉండ అయితే డిస్పర్సర్ విడగొట్టాలి, రాయి అయితే విడగొట్టలేదు. డిస్పర్సర్ పని విడదీయడం వరకే, నూరడం దానికి చేతకాదు.

తేల్చడానికి ఆ రంగు కొంచెం తీసుకుని టర్పెంటైన్‌తో అదే 45 మైక్రాన్ల కన్నున్న జల్లెడ మీద కడిగాం. అడుగున మిగిలిన కాస్త గరుకును భూతద్దం కింద చూస్తే తెల్లగా, గాజుముక్కల్లా మెరిసే రేణువులు. సజల హైడ్రోక్లోరిక్ ఆమ్లం చుక్క వేస్తే పొంగలేదు, కాబట్టి సున్నపురాయి కాదు. వేళ్ల మధ్య రుద్దితే గరగరలాడింది. క్వార్ట్జ్ ఇసుక. దీన్ని ఎన్ని గంటలు తిప్పినా గేజి మారదు.

ఏప్రిల్ చివర, మే మొదట్లో

ఇసుకను తీసే దారి నీళ్లలో తేర్చడం. మట్టి కలిపి ఆగితే బరువైన గరుకు ముందు దిగుతుంది, రంగు పైన తేలుతుంది, పైదాన్ని వంచుకుంటాం. ఎంతసేపు ఆగాలన్నది లెక్క కట్టవచ్చు. నీళ్లలో రేణువు దిగే వేగం దాని వ్యాసం వర్గాన్ని బట్టి మారుతుంది. 45 మైక్రాన్ల ఇసుక రేణువు సెకనుకు దాదాపు 1.8 మిల్లీమీటర్లు దిగుతుంది. 10 సెంటీమీటర్ల నీటిని నిమిషం లోపే దాటేస్తుంది. 20 మైక్రాన్లదానికి ఐదు నిమిషాలకు కాస్త తక్కువ పడుతుంది. పసుపు రంగునిచ్చే గోథైట్ రేణువు ఇసుక కంటే బరువైన ఖనిజమే, కానీ ఒక మైక్రానంత సన్నం. అది అదే లోతు దిగడానికి పదిహేను గంటలు పట్టవచ్చు. ఐదు నిమిషాలు ఆగి వంచితే ఇసుక అడుగున, రంగు చేతిలో.

ఇది కాగితం మీద లెక్క. షెడ్డు బోరు నీళ్లతో చేస్తే రంగంతా ఇసుకతో పాటు అడుగుకు చేరింది. మన బోరు నీళ్ల కాఠిన్యమే కారణం. నీళ్లలోని కాల్షియం సన్న మట్టి రేణువులను గుంపులుగా కట్టిపడేస్తుంది, గుంపు పెద్ద రేణువులా దిగిపోతుంది. ఫిల్టరు నీళ్లు తీసుకుని, కాల్షియాన్ని పట్టేసి రేణువులను విడిగా ఉంచే సోడియం హెక్సామెటాఫాస్ఫేట్ చిటికెడు కలిపాక గ్లాసు జాడీలో పసుపు మేఘం అలాగే నిలిచింది, అడుగున తెల్లని గీతలా ఇసుక పేరుకుంది. మేనకోడలు జాడీని కిటికీ దగ్గర పెట్టి, "మామా, గీత ఎక్కడిదాకా ఉందో చూడు, స్కేలు పెట్టి కొలవవచ్చు" అంది. అప్పటినుంచి ప్రతి బస్తా మట్టికి ఆ గీత ఎత్తు కూడా రాస్తున్నాం. ఇసుక ఎంతుందో చెప్పడానికి ఖర్చులేని పరీక్ష అది. మట్టి కొనేవాళ్లు బేరానికి ముందు ఇది చేసి చూడాలని గట్టిగా చెబుతాను.

వంచిన రంగును ఎండబెడితే గట్టి పెళ్లలవుతాయి. వాటిని మెత్తగా నలిపి మళ్లీ రంగు చేశాం. గేజి ఆరున్నర చూపింది. అంటే 19 మైక్రాన్ల దరిదాపు. లెక్క కట్టిన 20కి సరిపోయింది.

మే

ఎండలు ముదిరాయి. తిప్పుతున్నప్పుడు రంగు దానంతటదే వేడెక్కుతుంది, దానికి షెడ్డు వేడి తోడు. వేడెక్కితే పలుచబడుతుంది, పలుచబడితే ఉండల మీద పడే ఒత్తిడి తగ్గుతుంది. పాత్ర చుట్టూ రెండో గోడ వేయించి, మధ్యలో నీళ్లు తిరిగే ఏర్పాటు చేశాం. డిస్పర్సర్ పని తెల్లవారుజామున మాత్రమే, షట్టర్లు పూర్తిగా ఎత్తి, బయటికి లాగే ఫ్యాను వేసి. మంట భయం, కొలత నిలకడ, రెండింటికీ ఇదే మందు. మన దేశంలో రంగుల పరీక్షలకు ప్రమాణంగా తీసుకునే వేడి 27 డిగ్రీలు, రెండు డిగ్రీలు అటూఇటూ. వేసవిలో మేము దానికి చేరలేం. అందుకే ప్రతి అంకె పక్కన ఆ సమయంలో రంగు వేడి ఎంతో రాస్తున్నాం, పోల్చేటప్పుడు ఒకే వేడి దగ్గరివే పోలుస్తున్నాం.

వేడి తగ్గని మధ్యాహ్నాలు నూనె పట్టు పరీక్షకు, అంటే పొడి ఎంత నూనె తాగుతుందో చూడటానికి పెట్టుకున్నాం. 10 గ్రాముల పొడి గాజు పలక మీద, అవిసె నూనె చుక్కచుక్కగా, పాలెట్ కత్తితో నలపడం. పొడి ముందు పొరపొరలుగా, తర్వాత చిన్న ఉండలుగా అవుతుంది. సున్నుండలకు నెయ్యి సరిగ్గా పట్టిన పిండిలా ఒక్కసారిగా ముద్దకట్టి, విరగకుండా, కత్తికి అంటకుండా చుట్టుకునే క్షణం ఒకటి ఉంది. అక్కడ ఆపి నూనె తూచాలి. మామూలు మట్టికి 100 గ్రాములకు 24 గ్రాములు వచ్చింది, తేర్చినదానికి 31. ఇసుక పోయి సన్న రేణువులు మిగిలాయి కనుక నూనె ఎక్కువ తాగడం సహజం. ఆ ముద్దకట్టే క్షణం చేతిని బట్టి కాస్త మారుతుంది. ఈ పరీక్ష మొత్తం మేనకోడలి చేతికే అప్పగించాం.

జూన్

ఈ డైరీలో నాకు ముఖ్యమైన భాగం ఇదే.

తేర్చిన మట్టితో బ్యాచి పెట్టి, ప్రతి పది నిమిషాలకు ఒక చెంచా రంగు తీశాం. గేజి ఇరవై నిమిషాలకే ఆరున్నర చేరింది, ఆ తర్వాత అక్కడే నిలిచింది. గేజినే నమ్మేవాళ్లు అక్కడే మిషను ఆపేస్తారు. మేము ఆపకుండా, ప్రతి నమూనాలో ఒక గ్రాము తీసి పది గ్రాముల తెల్ల ఎనామెల్‌లో కత్తితో కలిపాం. తెలుపు ఎప్పుడూ ఒకే డబ్బాలోది. వాటిని సగం నలుపు, సగం తెలుపు అచ్చు వేసిన కార్డు మీద పక్కపక్కనే 100 మైక్రాన్ల సందున్న అప్లికేటర్‌తో (రంగును ఒకే మందంలో పరిచే పరికరం) లాగాం. సందు 100 ఉన్నా కార్డు మీద నిలిచే తడి పొర సుమారు సగమే ఉంటుంది, ఇది గుర్తుంచుకోవాలి.

ఇరవై నిమిషాల నమూనా కంటే ముప్పైది ముదురు పసుపు. ముప్పై కంటే నలభైది ఇంకా కాస్త ముదురు. నలభై, యాభై మధ్య తేడా కనిపించలేదు. గేజి అంకె కదలని ఆ ఇరవై నిమిషాల్లో రంగు బలం పెరుగుతూనే ఉంది!

ఇందులో వింత లేదు. గేజి చూపేది గుంపులోని అతి పెద్ద రేణువులను. రంగు బలం వచ్చేది వాటికంటే ఎంతో సన్నవాటి నుంచి. తెల్ల రంగుల్లో వాడే టైటానియం డయాక్సైడ్ రేణువు మైక్రానులో నాలుగో వంతు ఉంటుంది. మన గోథైట్ కూడా ఒక మైక్రాను లోపే. ఆ స్థాయిలో ఉండలు విడిపోతున్నాయో లేదో 100 మైక్రాన్ల గాడి చెప్పలేదు. గరుకు పోయిందని గేజి చెబుతుంది, రంగు పూర్తిగా విడిపోయిందని తెలుపులో కలిపిన నమూనాయే చెబుతుంది. గేజి ఆరున్నర దగ్గర ఆపి ఉంటే, అదే రంగు తెప్పించుకోవడానికి పొడి ఎక్కువ వేయాల్సి వచ్చేది. గేజి అంకె ఒక్కటే అడిగి సరుకు తీసుకునే అలవాటు మారాలన్నది నా పట్టుదల.

రంగు పోల్చడానికి ఖరీదైన యంత్రం మా దగ్గర లేదు. చుట్టూ బూడిద రంగు వేసిన పెట్టె, లోపల పగటి వెలుతురు లాంటి కాంతినిచ్చే 6,500 కెల్విన్ ఎల్ఈడీ దీపం చాలింది. కంటికి జ్ఞాపకం మీద నమ్మకం పెట్టుకోకూడదు, నిన్నటి కార్డునూ ఇవాళ్టి కార్డునూ పక్కపక్కన పెట్టి చూస్తేనే తేడా తెలుస్తుంది. అందుకే ప్రతిసారీ పాత నమూనా ఒకటి కొత్తదాని పక్కన మళ్లీ లాగుతాం.

జూన్ చివర

కార్డు మీద రంగు ఆరకముందే ఒకచోట వేలితో గుండ్రంగా రుద్ది వదిలేశాం. ఆరాక చూస్తే రుద్దిన చోట పసుపు ముదిరింది. పసుపు రేణువులు విడిపోయినవే, తెలుపులో కలిపాక మళ్లీ గుంపు కట్టాయన్నమాట. వేలి రాపిడికి ఆ గుంపులు విడిపోయి అసలు రంగు బయటపడింది. రుద్దిన చోట పాలిపోయి ఉంటే, గుంపు కట్టింది తెలుపని అర్థం చేసుకోవాలి. ఇది మొదట్లో చెప్పిన మూడో దశ.

రేణువులు మళ్లీ గుంపు కట్టకుండా చూసే సోయా లెసితిన్‌ను పొడి బరువులో ఒక శాతం ముందుగానే రెజిన్‌లో కలిపి బ్యాచి మళ్లీ చేశాం. రంగు గమనించదగ్గంత పలుచబడింది, అదే చిక్కదనానికి పొడి మరికొంత వేయగలిగాం. వేలితో రుద్దిన మచ్చ, వెలుతురులో వంచి వెతికితే తప్ప కనిపించలేదు. రంగుల పనిలో ఉన్న ఎవరికైనా, ఏ పరికరమూ లేకపోయినా, ఈ వేలి పరీక్ష ఒక్కటి చేసి చూడమంటాను.

జూలై

మంగంపేట ముగ్గురాయి (బెరైటీస్) పొడి కొంచెం తెప్పించి పోల్చాం. బెరైటీస్ నూనె పట్టు 9 గ్రాములే. రెజిన్ తక్కువ తాగుతుంది, ఎక్కువ పొడి వేయనిస్తుంది. నూనెలో వేయగానే తెలుపు మాయమైపోతుంది. దాని వక్రీభవన గుణకం (వెలుతురును ఎంత వంచుతుందో చెప్పే అంకె) 1.64, నూనెది 1.48, రెండూ దగ్గరదగ్గర కనుక వెలుతురు చెదరదు. టైటానియంది 2.7. అందుకే కప్పే పని టైటానియానిది, ఒళ్లు నింపే పని ముగ్గురాయిది. సాంద్రత నాలుగున్నర కావడంతో డబ్బాలో త్వరగా దిగిపోతుంది. లెసితిన్ వేసిన బ్యాచిలో అడుగు మరీ గట్టిగా పేరుకుంది. పూర్తిగా విడిపోయిన బరువు రేణువులు ఒకదాని మీద ఒకటి ఒత్తుగా సర్దుకుంటాయి, కాస్త గుంపు కట్టినవైతే మెత్తని అడుగుగా నిలుస్తాయి. పసుపు మట్టికి మేలు చేసింది ముగ్గురాయికి అంతే మేలు చేయదు. రెండింటినీ కలిపినప్పుడు లెసితిన్ ఎంత వేయాలో విడిగా తేల్చాలి. మూతలు బిగించిన డబ్బాలు అందుకోసమే అలమారలో ఉన్నాయి. నెలకోసారి మూత తీసి, చదునైన గరిటె దాని బరువుతోనే అడుగుదాకా దిగుతుందో లేదో చూస్తున్నాం.

2 మిల్లీమీటర్ల గాజు పూసలు వచ్చాయి. పూసలతో కుదిపే షేకర్‌కు క్రాంకు బేరింగు హౌసింగు లేత్ షాపులో తయారవుతోంది. అది చేతికి రాగానే తేర్చిన మట్టిని పూసలతో కుదిపి, నలభై నిమిషాల డిస్పర్సర్ నమూనా పక్కన అదే తెలుపులో లాగి చూస్తాం. రంగు ఇంకా ముదిరితే, డిస్పర్సర్ విడగొట్టలేని ఉండలు మిగిలి ఉన్నాయని తేలుతుంది. ముదరకపోతే ఈ మట్టికి పూసల ఖర్చు అనవసరం.